పైరూపమును చూచి తీర్పు తీర్చుట : దిచ్‌పల్లి చరిత్ర

శతవార్షికోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయుమని సంపాదక వర్గమువారు కోరినప్పుడు, మెదకు దేవాలయమును గూర్చి వ్రాయవలెనని మొదట అనుకొంటిని. 1924వ సంవత్సరము క్రిస్మస్ దినమున ప్రతిష్ఠింపబడిన ఆ గుడిని ఎరుగని వారు మనలో లేరు. మన పెండ్లి పత్రికల మీద, క్యాలెండర్ల మీద, ఇండ్లలో గోడల మీద దాని గోపురమే కనబడును. నాచారము నుండి కూడ ప్రతి సంవత్సరము బస్సులు మాట్లాడుకొని వెళ్ళుచుందుము. అయితే అంతకు తొమ్మిది సంవత్సరములు ముందుగా, 1915లో, అదే వెస్లియన్ మిషను వారు నిజామాబాదు దగ్గర మరియొక కట్టడమును కట్టిరి. దాని బొమ్మ ఏ పెండ్లి పత్రిక మీదను నేను చూడలేదు. బస్సు మాట్లాడుకొని అక్కడికి వెళ్ళిన సంఘమును నేనెరుగను. అది దిచ్‌పల్లిలోని విక్టోరియా కుష్ఠురోగుల ఆసుపత్రి. మెదకును గూర్చి వ్రాయువారు చాలమంది యున్నారు గనుక నేను దిచ్‌పల్లిని గూర్చి వ్రాయుచున్నాను. వ్రాయుటకు నాకు సొంత కారణము ఒకటి కలదు. అది నా తప్పిదమునకు సంబంధించినది గనుక ముందుగా దానినే చెప్పెదను.

నేను నాచారమునకు మొదటిసారి బదిలీ మీద వచ్చినది 2012 ప్రాంతములో. అప్పుడు మన సంఘములో ఒక ముసలి తాత ఉండెను. పేరు వ్రాయను. పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీకి రాత్రి వాచ్‌మన్. ఆదివారము డ్యూటీ దిగి, కుళాయి దగ్గర ముఖము కడుగుకొని, తిన్నగా గుడికి వచ్చువాడు. చెప్పులు విడుచు చోటికి ఆనుకొని యున్న చివరి బెంచీయే ఆయన స్థలము. రెండు చేతుల వ్రేళ్ళు లోపలికి వంగి యుండెను. ఎడమ చేతి వ్రేళ్ళు రెండు సగమునకు అరిగిపోయి యుండెను. కనుబొమలు లేవు. కీర్తనల పుస్తకమును అరచేతులతో అదిమి పట్టుకొని పాడుచుండెను.

నేను ఇచ్చిన మొదటి ప్రభురాత్రి భోజన సంస్కారమునకు ఆయన అందరి కంటె చివర వచ్చి మోకరించెను. నేను రొట్టెను ఆయన చేతిలో ఉంచలేదు. నా వ్రేళ్ళు తగులకుండ పైనుండి జారవిడిచితిని. పాత్రను ఆయన పెదవులకు అందించితిని గాని, ఆరాధన ముగిసిన తరువాత పాత్రలో మిగిలినదానిని నేను త్రాగలేదు. వెస్ట్రీ వెనుకనున్న వేపచెట్టు మొదట పోసితిని. అట్లు భూమి మీద పోయుట మన సంఘములలో కొత్త కాదు, ఎవరును తప్పు పట్టరు. కాని నేను పోసినది ఆచారమును బట్టి కాదు, భయమును బట్టి. వేదాంత కళాశాలలో నాలుగు సంవత్సరములు చదివి, మార్కు సువార్త మొదటి అధ్యాయములో ప్రభువు కుష్ఠురోగిని ముట్టిన సంగతి మీద పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకొన్నవాడను నేను.

తరువాతి నెల సంస్కారమునకు ముందు ఆ తాత వెస్ట్రీ తలుపు దగ్గర నిలువబడి, "అయ్యగారూ, నాకు సివర్నే ఇయ్యుండ్రి. నా ఎనుక ఎవ్వరు ఉండద్దు. అందరు బుగులు పడ్తరు" అనెను. అప్పటికి ఆయనకు స్వస్థత కలిగి యాభై ఏండ్లు దాటినదని నాకు తెలియదు. తెలిసికొనవలెనని ప్రయత్నించలేదు కూడ. నా కన్నులు నాకు చెప్పినది చాలుననుకొంటిని.

ఇక దిచ్‌పల్లి చరిత్రకు వత్తము.

ఇసబెల్ కెర్ అను ఆమె 1875లో స్కాట్లండు దేశములో ఒక రైతు కుటుంబములో పుట్టెను. స్త్రీలు వైద్యవిద్య చదువుట అరుదుగా నున్న ఆ దినములలో 1903లో అబర్డీన్ విశ్వవిద్యాలయములో డాక్టరు పట్టా పుచ్చుకొనెను. ఆమె భర్త రెవరెండ్ జార్జి కెర్. వీరిరువురును 1907లో వెస్లియన్ మిషను తరఫున నిజాము రాజ్యమునకు వచ్చిరి. ఆనాడు ఇందూరు అని జనులు పిలుచుచుండిన నిజామాబాదులో ఆమె వైద్యము చేయుచుండగా కుష్ఠురోగులు వచ్చి ఆసుపత్రి బయట చెట్ల క్రింద కూర్చుండుట మొదలుపెట్టిరి. లోపలికి రానిచ్చిన ఇతర రోగులు లేచిపోవుదురు, రానియ్యక పోయిన వీరు ఎక్కడికి పోవుదురు? అందుచేత 1911 ప్రాంతములో వారికి వేరుగా ఒక చిన్న ఆశ్రయము ఏర్పరచిరి. అది నిండిపోయినది. వచ్చినవారిని త్రిప్పి పంపవలసి వచ్చినది.

అప్పుడు పెద్ద విరాళమిచ్చి ఆ పనిని నిలువబెట్టినవాడు రాజా నర్సాగౌడ్ అను ధనికుడు. ఆయన హైందవుడు. ఈ సంగతిని నేను ఊరక వ్రాయుట లేదు. ప్రభువు చెప్పిన ఉపమానములో గాయపడినవానిని దాటిపోయిన ఇద్దరును దేవాలయమునకు సంబంధించినవారే, ఆగినవాడు మాత్రము సమరయుడు. మన చరిత్రలను మనము వ్రాసికొనునప్పుడు ఇట్టి పేర్లు చిన్న అక్షరములలోనికి పోవుచుండును. దిచ్‌పల్లి విషయములో అట్లు జరుగరాదు. ఆ సహాయముతో నిజామాబాదునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున, సికింద్రాబాదు నుండి పోవు రైలు మార్గము మీద, 1915లో విక్టోరియా ఆసుపత్రి ఏర్పడినది.

దానిని 'ఆసుపత్రి' అని పిలుచుటలోనే ఒక విశేషమున్నది. మన దేశములో కుష్ఠురోగుల కొరకు మిషనరీల పని అంతకు ముందే ఉండెను. పంజాబులోని అంబాలాలో ఈ రోగులను చూచి కదిలిపోయిన వెల్లెస్లీ బెయిలీ 1874లో వారి కొరకు ఒక మిషనునే స్థాపించెను. కాని ఆ దినములలో కట్టబడినవన్నియు ఎక్కువగా అసైలములు, అనగా చనిపోవువరకు ఉండుటకు ఒక చోటు. అన్నము పెట్టుదురు, గుడ్డ ఇచ్చెదరు, పాతిపెట్టుదురు. గొప్ప దయయే, కాదనను. అయితే బయటికి పోవు దారి లేని దయ అది. ప్రభుత్వము వారి 1898 నాటి చట్టము కూడ రోగిని పట్టి ఉంచుటకే గాని బాగుచేసి పంపుటకు కాదు. 1915 తరువాత కొద్ది సంవత్సరములలోనే కలకత్తాలో సర్ లెనార్డ్ రోజర్స్, ఆ తరువాత డాక్టర్ మ్యూర్ హిడ్నోకార్పస్ గింజల నూనె నుండి తీసిన మందును ఇంజెక్షనుగా ఇచ్చుటను అభివృద్ధి చేసిరి. కెర్ దొరసానిగారు ఆ పద్ధతిని దిచ్‌పల్లిలో ప్రవేశపెట్టిరి. ఆ నూనె అందరిని బాగుచేయలేదు. ముదిరిన వారికి అంతగా ఫలితము కనబడలేదు. సూది మందు బహు బాధాకరము. అయినను తొలిదశలో వచ్చిన కొందరు నెమ్మదించి, తమ ఊళ్ళకు తిరిగి వెళ్ళిరి. గేటు లోపలికి తెరచుకొనుటయే గాని బయటికి తెరచుకొనుట ఎరుగని రోగమునకు బయటికి దారి ఏర్పడినది. 1923లో దంపతులిద్దరికిని కైజర్-ఇ-హింద్ పతకములు వచ్చినవి.

దిచ్‌పల్లిలో పనిచేసిన డాక్టర్ జాన్ లో అను ఆయన పేరు కూడ ఇక్కడ చెప్పవలెను. ఆయన తరువాత కలకత్తాకును, అటు పిమ్మట ఆఫ్రికాలోని నైజీరియాకును వెళ్ళెను. 1940ల చివరలో అక్కడ ఉజువాకోలి అను ఊరిలో, డాప్సోన్ అను చవకైన మాత్రను చిన్న మోతాదులో నోటి ద్వారా ఇచ్చినను పనిచేయునని చూపినవారిలో ఆయన ఒకడు. సూది లేకుండ, పల్లెలో ఇంటియొద్దనే మ్రింగగల మందు అది. నిజామాబాదు జిల్లా పల్లెల రోగుల మధ్య పని నేర్చుకొన్నవాడు ఆఫ్రికా పల్లెలకు ఉపయోగపడెను. మన తాత ఆ రెండు కాలముల నడుమ దిచ్‌పల్లి చేరినవాడు. పండ్రెండేండ్ల పిల్లవానిగా తండ్రి రైలెక్కించి, స్టేషనులో దింపి, తిరుగు బండిలో వెళ్ళిపోయెనట. మొదట సూదులు, తరువాత మాత్రలు. "సూది దినం వస్తే తుమ్మ చెట్టు ఎక్కి కూసునేటోన్ని" అని నవ్వుచు చెప్పువాడు. ఆ తండ్రి మరల రాలేదు. ఆ సంగతి చెప్పునప్పుడు నవ్వలేదు.

ఈ రోగము యొక్క స్వభావమును గూర్చి ఇప్పుడు కొంచెము వివరముగా వ్రాయవలసి యున్నది. పాఠకులు విసుగు చెందకుందురు గాక. ఏలయనగా, ఇది తెలియక పోవుటచేతనే నేను ఆ పాత్రను చెట్టు మొదట పోసితిని.

1873లో నార్వే దేశపు డాక్టర్ హాన్సెన్ ఈ రోగమునకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొనెను. అది శరీరములో చల్లగా నుండు భాగములను కోరును. అందుచేత చర్మమును, చర్మమునకు దగ్గరగా పోవు నరములను, ముక్కు లోపలి పొరను పట్టును. కుష్ఠు అనగా చర్మరోగమని మనమందరము అనుకొందుము. నిజమునకు అది నరముల రోగము. మోచేతి దగ్గర ఎముకను ఆనుకొని పోవు నరము దెబ్బతినిన చిటికెన వ్రేలు, ఉంగరపు వ్రేలు వంగిపోవును. స్పర్శ పోయిన చేతికి వేడి తెలియదు. పొయ్యి మీది గిన్నెను వట్టి చేతితో దింపును, బీడీ వ్రేళ్ళ దాకా కాలినను ఎరుగడు, కాలిలో ముల్లు దిగినను నడచుచునే యుండును. పుండు పడును, చీము పట్టును, ఎముక అరుగును. వ్రేళ్ళను రోగము తినివేయునని లోకులు అనుకొందురు. 1948 నుండి వెల్లూరులో ఈ చేతులకు శస్త్రచికిత్స చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్, వ్రేళ్ళు పోవుటకు ముఖ్య కారణము నొప్పి తెలియక పోవుటయే అని నిరూపించెను. అనగా మనము చూచి భయపడు ఆ మొండి వ్రేళ్ళు రోగము ఉన్నదనుటకు గురుతు కాదు. అవి ఎప్పుడో తగిలిన కాలిన గాయములు, కోసుకొన్న గాయములు. రోగము పోయినను అవి ఉండును, యుద్ధము ముగిసినను తెగిన కాలు మొలువనట్లు.

దీనికి మారుప్రక్కను చూడుడి. సూక్ష్మజీవులు శరీరములో విస్తారముగా నుండి, చికిత్స లేక ఇతరులకు రోగము అంటించగల స్థితిలో నున్న మనిషి, మొదటి దినములలో చక్కగానే కనబడవచ్చును. వ్రేళ్ళు వంగవు. చర్మము నున్నగా, కొంచెము మెరయుచు కూడ ఉండవచ్చును. అట్టివాడు మన ప్రక్కనే కూర్చుండి పాటలు పాడి, కరచాలనము చేసి వెళ్ళిన మనకు ఏ సందేహమును కలుగదు. ఇక తెల్లని బొల్లి మచ్చలు గలవారు ఉన్నారు. బొల్లికిని కుష్ఠునకును ఏ సంబంధమును లేదు, అది ఒకరి నుండి ఒకరికి అంటునది కాదు. అయినను బొల్లి యున్న పిల్లకు మన సంఘములలోనే సంబంధములు తప్పిపోవుట నేను చూచితిని. చూడండి మన కంటి తెలివి! అంటించలేనివానికి దూరముగా జరుగును, అంటించగలవాని ప్రక్కన కూర్చుండును, ఏ రోగమును లేని పిల్లను రోగిష్టి అనును. పైరూపమును చూచి తీర్పు తీర్చుట ప్రేమలేనితనమని మనము ప్రసంగములలో చెప్పుచుందుము. అది సరియే. అంతకు ముందు అది తప్పు లెక్క.

అంటువ్యాధి అను మాటను గూర్చి కూడ ఒక సంగతి. నూటికి తొంబది అయిదుమందికి పైగా ఈ రోగమును సహజముగానే ఎదిరింపగల శక్తి యున్నది. డాప్సోన్ ఒక్కటే వాడుటచేత కొన్నాళ్ళకు సూక్ష్మజీవి దానికి లొంగకపోగా, 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు రెండు మూడు మందులను కలిపి వాడుమని సిఫారసు చేసిరి. ఆ చికిత్స ఆరంభమైన కొద్ది దినములకే రోగి ఇతరులకు అంటించు స్థితి పోవును. తేలిక రకమునకు 6 నెలలు, బలమైన రకమునకు 12 నెలలు, అంతే. మందు ఉచితము. 2005 డిసెంబరు నాటికి మన దేశములో ఈ రోగము పదివేలకు ఒకరి కంటె తక్కువకు దిగినది. దిగినదే గాని పోలేదు, కొత్త రోగులు ప్రతి సంవత్సరము కనబడుచునే యున్నారు. విచిత్రమేమనగా ఆ మందులలో ఒకటి, క్లోఫజిమిన్ అనునది, వాడినంత కాలము చర్మమును నల్లబరచును. రోగము లోపల తగ్గుచుండగా పైన మనిషి నల్లబడును. ఇరుగుపొరుగువారు అది చూచి, ముదిరినదని చెప్పుకొందురు. ఆ మాటలకు సిగ్గుపడి మధ్యలో మందు మానినవారు ఉన్నారు.

ఈ భయమునకు బైబిలునే సాక్ష్యముగా తెచ్చువారు మనలో కొందరున్నారు. లేవీయకాండము 13, 14 అధ్యాయములను వారు నెమ్మదిగా చదువవలెనని నా మనవి. అక్కడ కుష్ఠు అని మన అనువాదములో నున్న హెబ్రీ మాట నేటి ఈ రోగమునకే పేరు కాదు. బట్టకు పట్టునది, ఇంటి గోడకు పట్టునది కూడ ఆ మాటతోనే పిలువబడినది. గోడలకు నరములు లేవు గదా. అంతేకాదు, అక్కడ యాజకుడు సందేహమున్నప్పుడు ఒక్క చూపుతో తీర్పు చెప్పడు. ఏడు దినములు ఆగి మరల చూడవలెను, అవసరమైన ఇంకొక ఏడు దినములు. శరీరమంతయు తెల్లబడినవానిని, పచ్చిమాంసము కనబడని యెడల, పవిత్రుడని చెప్పవలెనని కూడ అక్కడనే యున్నది. చూచుటకు అతడే అందరికంటె భయంకరముగా నుండును! బాగుపడినవానిని తిరిగి సమాజములోనికి చేర్చుకొను ఆచారమునకు 14వ అధ్యాయములో ఎంతో స్థలము ఇయ్యబడినది. వెలివేయు అధ్యాయమును కంఠస్థము చేసి, చేర్చుకొను అధ్యాయమును మనము మరచితిమి.

సమూయేలు ప్రవక్త యిషయి ఇంటికి వెళ్ళిన సంగతి మనకు ఆదివారపు బడి నుండి తెలిసినదే. ఏలీయాబు ఎత్తును చూచి ఇతడే రాజని అనుకొనెను. దేవుడు మనుష్యుల వలె పైరూపమును గాక హృదయమును చూచునని ఆయనకు చెప్పవలసి వచ్చినది. నేను గమనించినది ఏమనగా, అది ఆయనకు రెండవసారి. అందరికంటె తల ఎత్తు ఎక్కువైన సౌలును అభిషేకించినవాడును ఆయనే, సౌలు ఏమైనది చూచి దుఃఖించినవాడును ఆయనే. అయినను మరల ఎత్తునే చూచెను. ప్రవక్తకే రెండుసార్లు పాఠము కావలసి వచ్చెను. (ఆ తరువాత వచ్చిన దావీదు కూడ చక్కనివాడనియే వ్రాయబడి యున్నది. కాబట్టి అందముగా ఉన్నవారు భయపడనక్కర లేదు.)

మన నాచారములోనే చూడుడి. 1970లలో ఎన్.టి. రామారావుగారు ఇక్కడ రామకృష్ణ స్టూడియో కట్టించిరి. రంగు పూసికొని రాజు వచ్చిన రాజనియు, బిచ్చగాడు వచ్చిన బిచ్చగాడనియు నమ్ముట సినిమాలో సరిపోవును, అందుకు టికెట్టు కొందుము. అదే నాచారములో ఫ్యాక్టరీ షిఫ్టు దిగి మసితో, నూనె మరకలతో వచ్చువారిని గుడి గుమ్మములో ఎట్లు చూచుచున్నాము? మెడలో గొలుసు, ఇస్త్రీ చొక్కా గలవారికి స్టీవర్డులు ముందు వరుస చూపుచుందురు. యాకోబు పత్రిక రెండవ అధ్యాయము ఈ విషయమునే వ్రాసినది గనుక నేను పొడిగింపను. మన స్టీవర్డులు నన్ను క్షమింతురు గాక. మొదటి తప్పు నాదేనని పైన వ్రాసియున్నాను.

2013లో జరిగినది చెప్పెదను. సంబంధించిన కుటుంబమునకు ఇబ్బంది కలుగకుండ కొన్ని వివరములను మార్చి వ్రాయుచున్నాను. క్వయర్‌లో చక్కగా పాడు ఒక కుర్రవాడు, కాలేజీ విద్యార్థి. చూచుటకు అందగాడు. ఒక ఆదివారము ఆరాధన తరువాత తాత నా యొద్దకు వచ్చి, ఎవరును లేకుండ చూచి, నెమ్మదిగా చెప్పెను: "అయ్యగారూ, గా పాట పాడే పిలగాని మోచెయ్యి కింద మచ్చ చూసిన్రా? సిబ్బెమని మందు రాస్తున్రట. సిబ్బెం గాదు. దూది పోగు పెట్టి చూడుండ్రి, తెలుస్తదో లేదో." నేను నమ్మలేదు. అట్టి ఇంటి పిల్లవానికా? నా నోట వచ్చిన మాట అదియే, "అట్లాంటి ఇంటి పిల్లవానికా, తాతా?" ఆయన నా ముఖము వంక చూచి, "మా ఇల్లు గూడ మంచిదే ఉండె, అయ్యగారూ" అనెను.

పిల్లవాని తండ్రితో ఎట్లు చెప్పవలెనో తెలియక రెండు వారములు గడిపితిని. చివరకు చెప్పితిని. డాక్టరుగారు కండ్లు మూయించి దూది పోగుతో మచ్చను తాకగా పిల్లవానికి తెలియలేదు. తొలి దశ. ఆరు నెలలు మాత్రలు వేసికొనెను. నేడు ఉద్యోగము, సంసారము, చక్కని రెండు చేతులు గలవాడు. ఎవరును ఎరుగరు. ఇంకొక రెండేండ్లు సిబ్బెమునకు మందు రాయుచు ఉండిన ఏమయ్యెడిదో తాత చేతులను చూచిన తెలియును. సంఘములో ఇన్ని జతల కండ్లుండగా, డిగ్రీలు గల కండ్లు కూడ ఉండగా, ఆ మచ్చను గుర్తించినవి మేము చివరి బెంచీలో కూర్చుండనిచ్చిన ఆ రెండు కండ్లు.

తాత జేబులో ఒక ప్లాస్టిక్ కవరులో మడతలు పడిన కాగితము ఉండెడిది. ఆసుపత్రి నుండి పంపునప్పుడు, ఇతని వలన ఇతరులకు అంటదని వ్రాసి ఇచ్చినది. బస్సు కండక్టరు దించివేయబోయినప్పుడు, అద్దె ఇంటికి పోయినప్పుడు, ఉద్యోగములో చేరునప్పుడు ఆయన దానిని తీసి చూపుచు బ్రదికెను. గుడిలో ఎప్పుడైన చూపితివా అని అడిగితిని. "గుడిల ఎందుకయ్యగారూ, గుడిల గూడ చూపియ్యాల్నా?" అనెను. కొంచెము సేపు ఆగి, "మరి చెట్టుకు ఏం గాలే గద?" అని అడిగెను. వేపచెట్టు సంగతి ఆయన మొదటి దినమే చూచియుండెను. వాచ్‌మన్ గదా. మరుసటి సంస్కార ఆదివారము పాత్రలో మిగిలినది నేను త్రాగితిని. దానిని గొప్ప కార్యముగా వ్రాయుట లేదు. ఆలస్యముగా చేసితిని.

మనలోని ఈ చూపు చట్టములలోనికి కూడ ఎక్కినది. క్రైస్తవ వివాహముల రద్దునకు ఆధారమైన 1869 నాటి విడాకుల చట్టమును 2001లో సవరించినప్పుడు, నయముకాని కుష్ఠును విడాకులకు ఒక కారణముగా కొత్తగా చేర్చిరి. నయముచేయు మందులు వచ్చి అప్పటికి ఇరువది ఏండ్లు. హిందువుల, ముస్లిముల వివాహ చట్టములలోను అట్టి మాట ముందు నుండియే ఉండెను. 1898 నాటి చట్టము 2016లో రద్దయినది, విడాకుల చట్టములలోని ఆ మాటను 2019లో తీసివేసిరి. పాస్టరుగా నేను జరిపించిన పెండ్లిండ్లలో మొదటివన్నియు ఆ మాట చట్టములో నుండగా జరిగినవే. రోగమందును ఆరోగ్యమందును అని వధూవరులచేత ప్రమాణము చేయించుచుంటిని.

మన చుట్టుప్రక్కల ఈ పని జరుగలేదని కాదు. కూకట్‌పల్లిలో రాణి కుముదినీదేవిగారు 1958లో శివానంద పునరావాస గృహమును స్థాపించిరి. ఆమె తరువాత హైదరాబాదు నగర మేయరు కూడ అయిరి. మనకు ఇంకను దగ్గరగా, చెర్లపల్లిలో, లెప్రా సంస్థవారు 1999లో బ్లూ పీటర్ పేరిట ఒక పరిశోధన కేంద్రమును తెరచిరి. బ్లూ పీటర్ అనునది ఇంగ్లండులో పిల్లల టెలివిజన్ కార్యక్రమము పేరు. ఎక్కడి పిల్లలో మన రోగులను గూర్చి విని ధనము కూర్చిరి. నాచారము నుండి చెర్లపల్లికి ఎంత దూరమో మీకు తెలియును.

2020లో కరోనా వచ్చినప్పుడు మనమందరము ఒకరిని చూచి ఒకరము దూరము జరుగుట నేర్చుకొంటిమి. దగ్గిన మనిషిని చూచి లిఫ్టు దిగిపోయితిమి. గుడిలో బెంచీల మీద గురుతులు పెట్టితిమి. అది రెండు సంవత్సరములకు ముగిసినది, మనము అలసిపోయితిమని చెప్పుకొంటిమి. అప్పటికి తాత లేడు. ఆయన 2016లో ప్రభువునందు నిద్రించెను. సమాధి కార్యక్రమమునకు ఆ కుర్రవాడు వచ్చి, పెట్టె మోసినవారిలో ముందు నిలిచెను. ఎందుకని ఎవరును అడుగలేదు, అతడును చెప్పలేదు.

ఇప్పుడు రెండవసారి నేను నాచారమునకే బదిలీ అయి వచ్చితిని. ఈ వ్యాసము కొరకు మన పాత రిజిష్టర్లను వెదకితిని. దిచ్‌పల్లి నుండి బాగుపడి వచ్చి, ఉప్పల్, నాచారము, మల్లాపూర్ ప్రాంతములలో పనులు చూచుకొని, మన సంఘములో చేరినవారు తాత ఒక్కడే కాడు, కనీసము నలుగురైదుగురు ఉండిరని పెద్దలు చెప్పుదురు. రిజిష్టరులో వారి సొంత ఊరు వ్రాయవలసిన గడిలో ఏమియు లేదు. అడుగువారు అడుగలేదో, చెప్పువారు చెప్పలేదో. తాత భార్య ఆ ప్లాస్టిక్ కవరును నాకు ఇచ్చినది, అది నా యొద్ద భద్రముగా నున్నది. మీ ఇండ్లలో పెద్దల పాత పెట్టెలలో అట్టి కాగితములు గాని, దిచ్‌పల్లిలో తీసిన ఫోటోలు గాని, ఉత్తరములు గాని ఉన్నయెడల దయచేసి పారవేయకుడి. బుధవారము సాయంకాల ప్రార్థన తరువాత నేను పాస్టరేట్ ఆఫీసులోనే ఉందును. పేరు వ్రాయవద్దనిన వ్రాయను. కాగితమును చూచి, నకలు తీసికొని, మరల మీ చేతికే ఇచ్చెదను.